అసల్ దాచండి, నఖల్‌తో పనిచేయండి

ఫోన్‌లో సాఫీగా ఆడిన నిఖా వీడియో ఎడిటింగ్‌కి ఎక్కగానే ఆగి ఆగి నడుస్తుంది. వెంటనే మన ఇళ్లలో ఫైసలా అయిపోతుంది: "ఈ లాప్‌టాప్ బేకార్, కొత్తది కొనాలి." నా ఖయాల్‌లో ఇది మర్జ్ తెలుసుకోకుండా దవా కొనడమే.

వజహ్‌లు ముఖ్యంగా రెండు. ఇప్పటి ఫోన్లు చాలావరకు వీడియోని హెచ్‌ఈవీసీలో కుదించి దాస్తాయి. 2013లో వచ్చిన ఈ పద్ధతిలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. చాలావాటిలో పక్క ఫ్రేములతో ఉన్న తేడా మాత్రమే ఉంటుంది. మధ్యలో ఎక్కడ ఆపినా కంప్యూటర్ ఆ లెక్క మళ్లీ కట్టుకోవాలి. రెండోది, వెలుతురు తగ్గితే సెకనుకి 30 ఫ్రేములన్న హిసాబ్‌ని ఫోన్ తప్పవచ్చు. అప్పుడు పెదాలు ఒకచోట, ఆవాజ్ ఇంకోచోట.

ఇలాజ్‌కి పైసా అక్కర్లేదు. ముందు ప్లేబ్యాక్ రిజల్యూషన్ సగానికో పావుకో దించండి. చాలకపోతే ప్రాక్సీలు, అంటే తేలికపాటి నఖల్‌లు చేసుకోండి. కోతలన్నీ వాటి మీదే. ఎక్స్‌పోర్ట్ మాత్రం అసల్ నుంచే అయ్యేలా చూసుకోండి. ఆవాజ్ జారుతుంటే, ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్‌లో 'కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్' పెట్టి ఫైల్ మార్చాకే ఎడిటింగ్ మొదలెట్టండి. ఇవన్నీ చేశాక కూడా నడవకపోతే అప్పుడు దుకాణానికి వెళ్లండి.

విసుగొచ్చి క్లిప్పులు మాత్రం డిలీట్ చేయకండి. నఖల్ ఎన్నిసార్లైనా చేసుకోవచ్చు. రుఖ్సతీ వేళ దాదీమా ఇచ్చిన దువా మళ్లీ రికార్డు కాదు. అది మన దగ్గరున్న అమానత్. మిగిలిన డబ్బుల్లో కొంత పెట్టి ఒక హార్డ్ డిస్క్ కొని, అసల్‌కి రెండో కాపీ అందులో దాచండి.