పైన పటారం చూసి టూల్ కొనకండి

మోడలింగ్ టూల్ కొనే సమావేశం ఎలా జరుగుతుందో చాలాసార్లు చూశాను. అమ్మడానికి వచ్చినతను తెర మీద ఒక క్లాసు పెట్టెను పట్టుకుని లాగుతాడు. దానికి అంటుకున్న గీతలన్నీ వెంటే వంగుతాయి. రంగులు మారుస్తాడు. ఒక్క క్లిక్కుతో పెట్టెలన్నీ వరసగా సర్దుకుంటాయి. కుర్చీల్లో ఉన్నవాళ్లు తలలూపుతారు. చివర్లో ఎవరో ఒకరు మోడల్ మార్పిడి ఫైలు గురించి అడుగుతారు, "ఎక్స్‌ఎంఐ సపోర్ట్ ఉందా?" అని. "ఉందండీ." కాగితం మీద టిక్కు పడుతుంది. ఆ మోడల్‌లోంచి రేపు కోడ్ పుట్టించాల్సినవాణ్ణి మాత్రం ఆ గదిలోకి ఎవరూ పిలవరు.

ఐదారేళ్లపాటు ఒక టీమ్ మొత్తం మోయాల్సిన తప్పు ఆ టిక్కు దగ్గరే మొదలవుతుంది. పదిహేనేళ్లుగా కోడ్ జనరేటర్లకి టెంప్లేట్లు రాసి బతుకుతున్నవాణ్ణి నేను. ఈ మాట కోపంగానే చెబుతున్నాను.

కోడ్ జనరేటర్‌కి కళ్లు లేవు. పెట్టె ఎక్కడుందో, ఏ రంగులో ఉందో, గీత ఎంత అందంగా మలుపు తిరిగిందో దానికి తెలియదు, అక్కర్లేదు. క్లాసు పేరేమిటి, అట్రిబ్యూట్ టైపేమిటి, సంబంధానికి అటు ఎన్ని ఇటు ఎన్ని, ఏ స్టీరియోటైప్ తగిలించారు, ట్యాగ్‌లో ఏం రాశారు, ఇవే దానికి తిండి. ఇవన్నీ ఉండేది టూల్ సేవ్ చేసే ఫైల్లో. ఆ ఫైలును డెమోలో తెరిచి చూపించమని అడిగినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

అడగకపోతే ఏమవుతుందో చెబుతాను. అదొక బీమా ప్రాజెక్టు. హైదరాబాద్‌లో మేం ఎనిమిదిమందిమి. పాలసీ అనే క్లాసు నుంచి నామినీ అనే క్లాసుకి ఒక గీత, నామినీ వైపు చివర ఒకటి నుంచి ఎన్నైనా అని స్టార్ గుర్తు. ఆ డయాగ్రమ్‌ను ప్రింటు తీసి గోడకి అంటించుకున్నాం కూడా. టూల్‌కి కొత్త వెర్షన్ వస్తే ఎక్కించాం, మోడల్‌ను మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి జనరేటర్‌కి ఇచ్చాం. ఒక్క ఎర్రర్ లేకుండా బిల్డ్ అయింది. నాలుగు రోజుల తర్వాత టెస్టింగ్‌లో ఒకమ్మాయి పట్టుకుంది, పాలసీకి రెండో నామినీని చేరిస్తే మొదటి నామినీ మాయమైపోతున్నాడని.

మూడు రాత్రులు టెంప్లేట్లు తవ్వాం. కొత్తగా చేరిన కుర్రాడు తప్పు తనదేమోనని అన్నం కూడా సరిగ్గా తినలేదు. చివరికి ఎక్స్‌పోర్ట్ ఫైలును మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి, పాతదాన్ని పక్కన పెట్టి లైను లైనూ చూశాం. పాత ఫైల్లో ఆ గీత చివర రెండు లైన్లున్నాయి. ఒకటి కింది హద్దు, ఒకటి పై హద్దు. పై హద్దులో స్టార్. కొత్త ఫైల్లో పై హద్దు లైనే లేదు. పై హద్దు రాయకపోతే దాన్ని ఒకటిగా తీసుకోవాలన్నది మోడలింగ్ భాష యూఎంఎల్ నియమం. జనరేటర్ ఆ నియమం ప్రకారమే నడిచి, లిస్టు పుట్టాల్సిన చోట ఒకే ఒక్క నామినీకి చోటు పెట్టింది. గోడ మీద స్టార్ మాత్రం అలాగే ఉంది.

నామినీ అంటే ఇంటిపెద్ద పోయాక బీమా డబ్బు అందుకోవాల్సిన మనిషి. ఆ అమ్మాయి చూడకపోయి ఉంటే?

స్టీరియోటైప్ రాలిపోతే ఇంకా ఘోరం. ఆండ్రోఎండీఏ లాంటి జనరేటర్లో క్లాసుకి 'ఎంటిటీ' అని తగిలిస్తే డేటాబేస్ మ్యాపింగ్ పుడుతుంది, 'సర్వీస్' అని తగిలిస్తే సర్వీస్ క్లాసులు పుడతాయి. ఎక్స్‌పోర్ట్‌లో ఆ ఒక్క మాట జారిపోయిందనుకోండి, జనరేటర్ దృష్టిలో ఆ క్లాసుతో చేయాల్సిన పనేమీ లేదు. నోరెత్తకుండా దాటిపోతుంది.

"ఎక్స్‌ఎంఐ అంటే స్టాండర్డే కదా" అంటారు. అవును, స్టాండర్డే. యూఎంఎల్‌ను 1997లో ఆమోదించిన ఓఎంజీ సంస్థే, ఒక టూల్లో గీసిన మోడల్ ఇంకో టూల్లో తెరుచుకోవాలని దీన్ని తయారుచేసింది. 2005లో ఐఎస్ఓ ముద్ర కూడా పడింది. అయినా ఒకరి ఫైలు ఇంకొకరికి అందక, టూల్స్ మధ్య మార్పిడిని పరీక్షించడానికి ఓఎంజీ ప్రత్యేకంగా ఒక వర్కింగ్ గ్రూపునే పెట్టాల్సి వచ్చింది. యూఎంఎల్ 1.4 కాలపు ఎక్స్‌ఎంఐ రూపం వేరు, యూఎంఎల్ 2 వచ్చాక రూపం వేరు. దాని మీద ఒక్కో కంపెనీ తన సొంత అరలు పెట్టుకుని సగం సమాచారం అందులో దాస్తుంది. కాబట్టి ఎక్స్‌ఎంఐ ఉందా అని అడిగితే చాలదు. ఏ ఎక్స్‌ఎంఐ, ఏ యూఎంఎల్, మా జనరేటర్ దాన్ని ఇప్పుడే ఇక్కడే చదవగలదా అని అడగాలి.

వెర్షన్ కంట్రోల్ సంగతి ఇంకోటి. ఒక అట్రిబ్యూట్ పేరు మార్చి సేవ్ చేస్తే ఫైల్లో ఒక లైను మారాలి. కొన్ని టూల్స్ ప్రతి ఎక్స్‌పోర్ట్‌కీ ఐడీలన్నీ కొత్తగా పుట్టిస్తాయి, మూలకాల వరసా మార్చేస్తాయి. ఒక్క పేరు మారిస్తే గిట్‌లో వేల లైన్లు ఎర్రగా పచ్చగా కనిపిస్తాయి. నిజంగా మారిందేమిటో ఏ మనిషీ కనిపెట్టలేడు. ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్ అనే టూల్ ప్రాజెక్టు ఫైలు చాలా ఏళ్లు మైక్రోసాఫ్ట్ యాక్సెస్ రకం డేటాబేస్, 16వ వెర్షన్ నుంచి ఎస్‌క్యూలైట్. మోడల్‌ను డేటాబేస్‌లో పెట్టుకోవడం తప్పని అనను, కొన్ని పనులకి అదే మేలు. కానీ ఇద్దరు చెరో బ్రాంచిలో మార్చిన దాన్ని గిట్ మెర్జ్ చేసిపెడుతుందని ఆశ పెట్టుకోకూడదు. ఆ సంగతి తెలిసే కొనాలి, కొన్నాక తెలుసుకోకూడదు.

అన్నిటికన్నా నాకు మండేది జుట్టు టూల్ కంపెనీల చేతికిచ్చి కూర్చోవడం. 2003లో మోడలింగ్ టూల్స్ చేసే రేషనల్ కంపెనీ ఐబీఎం చేతికి వెళ్లింది. అదే ఏడు ఇంకో టూల్ కంపెనీ టుగెదర్‌సాఫ్ట్ బోర్లాండ్‌లో కలిసింది. మ్యాజిక్‌డ్రా చేసిన నో మ్యాజిక్‌ను 2018లో దసో సిస్టమ్స్ కొనుక్కుంది. చేతులు మారినప్పుడల్లా పేరు మారొచ్చు, ధర మారొచ్చు, లైసెన్స్ షరతులు మారొచ్చు. మన మోడల్ మాత్రం మన వ్యాపారం ఎంతకాలం ఉంటే అంతకాలం ఉండాలి. జనరేటర్ కూడా ఆ టూల్‌లోనే ఉంటే మరీ కష్టం. లైసెన్స్ గడువు తీరిన రోజున కోడ్ పుట్టడమే ఆగిపోతుంది.

దారి లేదా అంటే, ఉంది. ఎక్లిప్స్ వాళ్ల మోడలింగ్ టూల్ పాపిరస్‌ను చూడండి. మోడల్ ఒక ఫైల్లో, బొమ్మ ఇంకో ఫైల్లో. పెట్టెను పక్కకి జరిపితే బొమ్మ ఫైలే మారుతుంది, మోడల్ ఫైలు కదలదు. ఆ మోడల్ ఫైలును యాక్సెలియో లాంటి జనరేటర్ నేరుగా చదువుతుంది, మధ్యలో ఎక్స్‌పోర్ట్ అనే మెట్టే లేదు. తెర మీద దీనికన్నా అందంగా కనిపించే టూల్స్ ఉన్నాయి, ఒప్పుకుంటాను. బిజినెస్ వాళ్లకి చూపించడానికి మంచి బొమ్మ కావాలన్నదీ న్యాయమే. ఆ బొమ్మ కోసం వేరే టూల్ వాడుకోండి. డబ్బు లెక్కలు తేల్చే కోడ్‌ను దాని మీద ఆధారపడనివ్వకండి.

మీ తర్వాతి డెమోకి టెంప్లేట్లు రాసేవాణ్ణి పిలవండి, అతని జనరేటర్‌తో సహా. మీ సొంత మోడల్లోంచి ఓ పది క్లాసులు ఇచ్చి, అక్కడికక్కడే గీయించండి. సేవ్ చేయించండి. ఏమీ మార్చకుండా మళ్లీ సేవ్ చేయించి రెండు ఫైళ్లూ పోల్చండి. ఒక పేరు మార్పించి మళ్లీ పోల్చండి. ప్రతి స్టార్‌నీ, ప్రతి స్టీరియోటైప్‌నీ టెక్స్ట్ ఎడిటర్‌లో వేలుపెట్టి చూపించమనండి. తర్వాత ఆ ఫైలును టూలే లేని వేరే మెషీన్‌లోకి ఎక్కించి, జనరేటర్ నడపండి. కోడ్ పుడితే అప్పుడు ధర మాట్లాడండి.