ఓడినవారికి గెలిచినవారి ఆతిథ్యము

గెలిచినవాడు ఓడినవానికి కొంత ఋణపడియుండునన్న మాట నేటి క్రీడాలోకమున వినబడుట అరుదు. విజేతకు పుష్పమాలలు, నగదు బహుమానములు, పత్రికలలో పెద్ద పెద్ద శీర్షికలు. పరాజితునకు తలవంచుకొని మైదానము వీడిపోవు దారి. ఇదియే మనము నిత్యము చూచుచున్న పంపకము. అయితే మంచుపై రాళ్లను జార్చి ఆడు కర్లింగ్ అను క్రీడలో, స్కాట్లాండున పుట్టి, కెనడాలో విస్తరిల్లి, శీతకాల ఒలింపిక్ క్రీడల వఱకు వచ్చిన ఆ యాటలో, పోటీ ముగిసిన వెంటనే రెండు జట్లవారును ఒకే బల్ల చుట్టు కూర్చుండుటయు, మొదటి పానీయపు ఖర్చు గెలిచినవారే భరించుటయు తరతరములుగా వచ్చుచున్న ఆచారము. దీనిని ఆటకు చివర తగిలించిన అలంకారముగా తలచువారు పెక్కుమంది కలరు. ఆ యాటలోని నిజాయితీకి ఆ బల్లయే పునాది యని నా దృఢవిశ్వాసము.

ముందు ఆట తీరు చూతము. సుమారు 45 మీటర్ల పొడవుగల మంచుపరపుపై, నలుగురేసి ఆటగాండ్రుగల రెండు జట్లు, దాదాపు 20 కిలోల బరువు తూగు గ్రానైట్ రాళ్లను, ఆవలికొననున్న వలయముల నడిబొడ్డునకు చేరునట్లు జార్తురు. విడతకు జట్టునకు ఎనిమిది రాళ్లు. రాయి సాగుచుండగా ఇద్దరు దాని ముందు పరుగుపరుగున మంచును చీపుళ్లతో తుడుచుచు దాని వేగమును, వంపును సవరింతురు. అట్లు తుడుచునపుడు చీపురు రాయికి తగిలినచో అది దోషము. ఆ తాకిడి ఎంత స్వల్పమనగా, పలుమారు తగిలించినవానికి తప్ప అన్యులకు తెలియనే తెలియదు. అయినను తగిలినదని వాడే బిగ్గరగా చెప్పవలెను. వలయములకు చేరువలో అట్లు జరిగినచో, రాళ్లన్నియు నిలిచిన పిమ్మట ఆ రాయిని తీసివేయుటయో, ఉన్నచోటనే యుంచుటయో ఎదుటి జట్టువారు నిర్ణయింతురు. విడత ముగిసినపుడు ఎవరి రాయి కేంద్రమునకు దగ్గరగా నున్నదో తేల్చువారును రెండు జట్ల ఉపనాయకులే. ఇద్దరును వలయమునందు నిలిచి, వంగి చూచి, నోటిమాటతో ఒప్పుకొందురు. కంటికి తేలనపుడు మాత్రమే కొలిచెడి సాధనమును తెప్పింతురు. క్లబ్బులలో నిత్యము జరుగు ఆటలకు సాధారణముగా వేరొక న్యాయనిర్ణేత యుండడు.

ఆట ముగియగానే కరచాలనములు చేసికొని, బూట్లు మార్చుకొని, ఎనమండుగురును పక్కనున్న వెచ్చని గదిలోనికి నడుతురు. పెక్కు క్లబ్బులలో ఆ గదికి, మంచుకు నడుమ ఒక అద్దపుగోడ మాత్రమే యుండును. గెలిచిన జట్టులో మొదట రాయి విడిచినవాడు ఎదుటి జట్టులోని తనవంటివానికి, నాయకుడు నాయకునకు కావలసినదేమో అడిగి తెచ్చియిచ్చుట పలుచోట్ల పరిపాటి. ఆ పిమ్మట ఓడినవారు తమవంతుగా రెండవసారి తెప్పింతురు. ఈ కూడికకు బ్రూమ్‌స్టాకింగ్ అని పేరు. వెనుకటి దినములలో ఆట నడిమి విరామమున ఇరుపక్షములవారును తమ చీపుళ్లను నిప్పుచెంత ఒకచో పేర్చి, వెచ్చగా ఏదైన సేవించి, మరల ఆటకు పోవువారని పెద్దలు చెప్పుదురు.

ఈ సహపంక్తి నిన్న మొన్నటిది కాదు. 1511వ సంవత్సరము చెక్కియున్న రాయి యొకటి స్కాట్లాండులోని స్టెర్లింగ్‌లో భద్రపఱుపబడియున్నది. 1541లో పేజ్లీ మఠమునకు చెందిన ఒక సన్యాసి మంచుపై రాళ్లు విసరి చేసిన సవాలు ఒక లేఖరి గ్రంథమునకెక్కినది. శీతకాలమున పొలముపనులు నిలిచిపోయి చెరువులు గడ్డకట్టిన నాళ్లలో భూస్వామియు, కౌలుదారును, మతాచార్యుడును, కమ్మరియు ఒకే మంచుపై నిలిచి ఆడుట, ఆటపిమ్మట గొడ్డుమాంసము, ఆకుకూరలతో కూడిన సాదా భోజనమును కలసి భుజించుట అచటి గ్రామసీమల వాడుక. ఊరికిని ఊరికిని జరిగిన పోటీలలో పణముగా ఒడ్డిన ఓట్‌పిండి బస్తాలను పేదలకు పంచిపెట్టిన సందర్భములును కలవు. ఆ స్కాట్లాండువారే సముద్రము దాటి 1807లో మాంట్రియల్ నగరమున కర్లింగ్ క్లబ్బు నెలకొల్పినపుడు, వ్రాసికొన్న తొలి నియమములలో భోజనపు సంగతి కూడ చేర్చిరి. ఆనాటి నియమము ప్రకారము విస్కీతో చేసిన వెచ్చని పానీయపు గిన్నెకు మూల్యము చెల్లించువారు ఓడినవారు; దానిని బల్ల నడుమ నుంచవలెను; కోరినవారు పుచ్చుకొనవచ్చును. కాలక్రమమున ఆ భారము ఓడినవారి భుజము నుండి గెలిచినవారి భుజమునకు మారుట మానవసంస్కారము వేసిన ఒక ముందడుగని నేను భావింతును. ఓటమికి జరిమానా విధించుట ఎవరైన చేయగలరు. గెలుపునకు బాధ్యత నంటగట్టుటకు పరిణతి కావలెను.

ఈ బల్లకును, మంచుపై కనబడు సత్యసంధతకును గల సంబంధమును కొంత యోచింపవలెను. చీపురు తగిలినను తగులలేదని నటించినవాడు ఆ క్షణమున ఒక రాయిని దక్కించుకొనవచ్చును, ఆటను సైతము గెలువవచ్చును. కాని మఱికొన్ని నిమిషములకే తాను మోసగించిన మనుష్యునికి తానే పానీయమందించి, వానికి ఎదురుగా కూర్చుండి, వాని కన్నులలోనికి చూచుచు మాటలాడవలసియున్నది. అందుకు ముఖము చెల్లవలెను గదా! ఈ విధముగా రాబోవు కూడిక జరుగుచున్న ఆటకు అదృశ్యమైన కావలియై నిలుచుచున్నది. పెండ్లిమాటలనాడు ఎంత పట్టుదలతో వాదించుకొన్న వియ్యాలవారైనను, రేపు ఒకే పంక్తిని కూర్చుండవలసినవారమను ఎఱుక చేత మాట మీఱకుండ జాగ్రత్తపడినట్లు, ఈ యాటగాండ్రును స్పర్ధను ఒక మేరకు మించి పోనీయరు. గెలుపుకై ఆడవలెను గాని ఎదుటివారిని కించపఱచుటకు కాదనియు, అక్రమముగా గెలుచుటకంటె ఓడుటయే మేలనియు ఈ క్రీడాలోకము తన నియమావళిలోనే వ్రాసికొన్నది. అయితే వ్రాతలోనున్న ధర్మమును ఆచరణలో నిలుపునది నిత్యమును జరుగు ఆ ముఖాముఖి కూడికయే.

మద్యపానమునకు మర్యాదపేరు పెట్టి పొగడుచున్నారని ఆక్షేపించువారుందురు. ఆ యాక్షేపణను తోసిపుచ్చరాదు. 2018లో కెనడాలోని రెడ్ డీర్ పట్టణమున జరిగిన పోటీలో, ఒలింపిక్ స్వర్ణపతకము పొందిన ఆటగాడొకడు కూడ నున్న జట్టును, మితిమీఱి త్రాగి అనుచితముగా ప్రవర్తించినందులకు నిర్వాహకులు వెడలగొట్టిరి. గమనింపదగినదేమనగా, ఆనాడు వారు త్రాగినది ఆట ముగిసిన పిమ్మట కాదు, ఆటకు ముందు. ప్రత్యర్థికి ఆతిథ్యమిచ్చుటకు కాదు, తమకొఱకు. ఆచారము విడిచినచోటనే అపచారము పుట్టినది. గిన్నెలోనిది కోరినవారికే యని 1807లోనే వ్రాసికొన్నవారి వారసులు నేడు కాఫీతోను, పిల్లలైనచో వేడి చాక్లెట్ పాలతోను ఈ మర్యాదను తీర్చుకొనుచుండగా, దానివలన ఆచారమునకు వచ్చిన లోపమేమియు లేదు. కలసి కూర్చుండుటయే ప్రధానము; పాత్రలో నున్నది అప్రధానము.

వేఱొక ప్రశ్న ఇంతకంటె బలమైనది. 1998లో నగానోయందు ఈ క్రీడ పతకముల పట్టికకెక్కినది మొదలు దేశగౌరవము, ధనము, దూరదర్శనము దానిలో ప్రవేశించినవి. పెద్ద పోటీలలో ఆటగాడు నిర్ణీతరేఖకు ముందే రాయిని విడిచెనో లేదో తెలుపు విద్యుత్పరికరమును పిడిలోనే అమర్చుచున్నారు. న్యాయనిర్ణేతలును వచ్చి నిలిచినారు. ఇన్ని సాధనములుండగా ఈ పాతమర్యాద ఎందులకని అడుగువారికి నా సమాధానమిది: యంత్రము దోషమును పట్టగలదు గాని దోషము చేయరాదన్న సంకోచమును పుట్టింపజాలదు. ఆ సంకోచము లేనినాడు ప్రతి రేఖకును ఒక యంత్రమును, ప్రతి ఆటగానికిని ఒక కావలివానిని నియమించినను చాలదు. కనుక శిఖరమున ఏమి జరిగినను, పల్లెపట్టుల క్లబ్బులలో ఈ యాచారము చెడకుండ కాపాడుకొనుట ఆ క్రీడాలోకమునకు తొలి కర్తవ్యము. కెనడాలో స్థిరపడిన మన తెలుగువారికి సమీపముననే ఇట్టి క్లబ్బులు పెక్కు కలవు; ఒక శీతకాలమైన అందు చేరి తమ బిడ్డలకు ఆ బల్లవద్ద చోటు చూపింతురు గాక.

మంచు లేని మన నేలపై ఆ యాట సాగకపోవచ్చును. ఆ మర్యాదకు మంచుతో పనిలేదు. సంక్రాంతికి ఊరూర కబడ్డీ, వాలీబాల్ పోటీలు జరిపించు పెద్దలకును, పాఠశాలలలో వ్యాయామోపాధ్యాయులకును నేను చేయు విన్నపమొకటే. బహుమతులు పంచుటకు ముందు రెండు జట్లను ఒకే పంక్తిని కూర్చుండబెట్టుడు. గెలిచిన పిల్లలచేత ఓడిన పిల్లలకు మొదట వడ్డింపజేయుడు. అందుకగు వ్యయము స్వల్పము. దానివలన పిల్లలు నేర్చు పాఠము వారు పెద్దవారై ఏ రంగమున పోటీపడినను అక్కఱకు వచ్చును.