ఎవరు రాస్తేనేం?

'అలోహా ఓయె' పాటను నేను మొదట విన్నది ఎల్విస్ ప్రెస్లీ గొంతులో, 'బ్లూ హవాయి' (1961) సినిమా పాటల్లో. టూరిస్టులకు చెప్పే తియ్యటి వీడ్కోలు అనుకున్నాను. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నాకే, దీన్ని రాసిందెవరన్న ప్రశ్న చాలాకాలం తట్టలేదు.

రాసింది ఒక స్త్రీ. హవాయి రాజ్యపు చివరి రాణి లిలియోకలాని. 1878 ప్రాంతంలో, ఇంకా రాకుమారిగా ఉన్నప్పుడు కట్టిన పాట. 1893లో అమెరికన్ వ్యాపారులు, యుద్ధనౌక దిగిన సైనికుల అండతో ఆమెను గద్దె దించారు. 1895లో ఆమె భవనంలోనే ఆమెను బంధించారు. 1896లో బడుల్లోంచి హవాయి భాషను తోసేశారు. ఆ భాషలో పుట్టిన పాటను మాత్రం హాలీవుడ్ ఉంచుకుంది, గడ్డి లంగాలూ పూలదండలూ తగిలించి.

'లిలో అండ్ స్టిచ్' (2002)లో దూరం కాబోతున్న చెల్లెలికి అక్క ఈ పాటే పాడుతుంది. అక్కడ మాత్రం అది మళ్లీ పోగొట్టుకుంటున్నవాళ్ల పాటయింది.

పాట అందరిదీ, ఎవరు రాస్తేనేం అంటారు. నేల పోగొట్టుకున్నవాళ్ల ముందు నిలబడి ఆ మాట అనగలమా? పేరు చెరిపేయడం కూడా ఆక్రమణే. స్త్రీల సాహిత్య చరిత్ర రాస్తున్న మనం, పాట కట్టిన స్త్రీని ఇంకెంతకాలం గుమ్మం బయటే నిలబెడతాం?