తెల్లవారుజాము రోడ్డు ఎవరిది?

పరుగు గురించీ నడక గురించీ స్త్రీల హక్కుల పత్రికలో రాయవలసిన అవసరం ఏమిటని మిత్రులు కొందరు అడగవచ్చు. గృహహింస, వరకట్నం, కూలి రేట్లు, భూమి పట్టాలు - ఇన్ని సమస్యలుండగా తీరిక ఉన్నవాళ్ళ వ్యాయామం మనకెందుకు అని కూడా అనవచ్చు. ఆ ప్రశ్నను కొట్టిపారేయనక్కరలేదు. దానికి జవాబు అమీర్‌పేట, పంజగుట్ట రోడ్ల మీదే వెతుకుదాం.

హైదరాబాదులో గుంపుగా పరుగెత్తే అలవాటు గత ఇరవై ఏళ్ళలో బాగా పెరిగింది. హైదరాబాద్ రన్నర్స్ సంస్థ 2007లో మొదలైంది. ఆదివారం తెల్లవారేసరికి నెక్లెస్ రోడ్డు మీద, కె.బి.ఆర్. పార్కు చుట్టూ జట్లు జట్లుగా పరుగెత్తేవాళ్ళు కనిపిస్తారు. ఏటా జరిగే హైదరాబాద్ మారథాన్ పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై, రాజ్‌భవన్ రోడ్డు, పంజగుట్ట ఫ్లైఓవర్ మీదుగా గచ్చిబౌలి వైపు సాగుతుంది. మిగతా రోజుల్లో మనిషి అడుగు పెట్టలేని ఫ్లైఓవర్‌ను ఆ ఒక్క ఉదయం కాళ్ళకు అప్పగిస్తారు. ఆ జట్లలో స్త్రీలూ ఉన్నారు, సంఖ్య పెరుగుతోంది కూడా. సంతోషమే. అయితే ఏ స్త్రీలు? ఎక్కడి నుంచి, ఎలా వచ్చినవాళ్ళు? సొంత కారో స్కూటరో ఉండి, బూట్లు కొనుక్కోగలిగి, ఆ పూట వంటపని ఇంకొకరికి అప్పగించగలిగినవాళ్ళే ఎక్కువ.

నిజానికి తెల్లవారుజామున రోడ్డు మీద స్త్రీలు లేరనడం అబద్ధం. అందరికంటే ముందు రోడ్డెక్కేది ఆడవాళ్ళే. పరుగెత్తేవాళ్ళు బూట్ల తాళ్ళు బిగించుకునే సమయానికి జి.హెచ్.ఎం.సి. పారిశుధ్య కార్మికురాలు చీపురు పట్టుకుని సగం వీధి ఊడ్చేసి ఉంటుంది. నిమ్స్‌లో రాత్రి డ్యూటీ చేసిన నర్సు ఇల్లు చేరే దారిలో ఉంటుంది. పూలమ్మే ఆమె బుట్ట దించి మాలలు కడుతూ ఉంటుంది. నాలుగిళ్ళలో పాచిపని చేసే ఆమె మొదటి ఇంటి గేటు తడుతూ ఉంటుంది. వీళ్ళు రోడ్డు మీద ఉండటం ఎవరికీ వింతగా తోచదు. ఎందుకంటే వీళ్ళు పని మీద వచ్చారు. స్త్రీ పని మీద రోడ్డెక్కితే సమాజం ఒప్పుకుంటుంది. ఒట్టినే, తన ఒంటికోసం, తన సంతోషం కోసం రోడ్డెక్కితే మాత్రం నూరు ప్రశ్నలు. ఎక్కడికి? ఎవరితో? ఇంత పొద్దున్నే ఏం అవసరం? ఆ బట్టలేమిటి?

ఈ ప్రశ్నలు ఎంత బరువైనవో ఈ నగరానికి 1978లోనే తెలిసింది. భర్తతో కలిసి రాత్రి సినిమా చూసి ఇంటికి తిరిగి వస్తున్న రమీజాబీని పోలీసులు పట్టుకుపోయారు. నల్లకుంట పోలీసు స్టేషన్‌లో ఆమెపై అత్యాచారం జరిగింది. అడ్డుపడిన భర్త అహ్మద్ హుస్సేన్ దెబ్బలకు ప్రాణాలు వదిలాడు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చినా, రాయచూరు కోర్టు 1981లో వాళ్ళను విడిచిపెట్టింది. ఆమె శీలం ఎలాంటిదనే విచారణ మాత్రం సాగుతూనే వచ్చింది. ఆ వేళ రోడ్డు మీద కనిపించిన ఆడది మంచిది కాదనే నమ్మకమే అందులో ప్రధాన సాక్షి. హైదరాబాదులో స్వతంత్ర స్త్రీల సంఘాలు పుట్టింది ఆ కాలంలోనే. అంటే మన ఉద్యమ చరిత్రలోనే రోడ్డు ఉంది.

అప్పటికీ ఇప్పటికీ చాలా మారింది. కానీ హింస జరిగినప్పుడల్లా మనకు చెప్పే పరిష్కారం మాత్రం మారలేదు - ఇంటికి పొండి. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిపై ఆ ఘోరం జరిగిన తర్వాత, ఆర్టీసీలో పనిచేసే స్త్రీలకు రాత్రి ఎనిమిది దాటాక డ్యూటీ వేయవద్దని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. 2021 నవంబరులో కె.బి.ఆర్. పార్కు దగ్గర సాయంత్రం నడకకు వెళ్ళిన ఒక నటిపై దాడి జరిగితే, ఆ వేళ ఒంటరిగా ఎందుకు వెళ్ళాలని అడిగినవాళ్ళు తక్కువేమీ లేరు. దొంగ తిరిగే వేళను బట్టి మనం గడియారం దిద్దుకోవాలన్నమాట!

అమీర్‌పేటనే చూడండి. రెండు తెలుగు రాష్ట్రాల నలుమూలల నుంచీ కంప్యూటర్ కోర్సులకూ పోటీ పరీక్షలకూ అమ్మాయిలు వచ్చి చేరే చోటు ఇది. మైత్రీవనం చుట్టుపక్కల, ఎస్.ఆర్.నగర్‌లో అడుగడుగునా లేడీస్ హాస్టళ్ళు. ఇల్లు వదిలి, ఊరు వదిలి, సొంత కాళ్ళ మీద నిలబడాలని వచ్చిన పిల్లలు వాళ్ళు. ఒక గదిలో నలుగురైదుగురు, మంచం మీదే చదువు, మంచం మీదే తిండి. రాత్రి ఇన్ని గంటలకు గేటు మూస్తాం, పొద్దున ఇన్ని గంటలకే తీస్తాం అని నియమాలు. అదే వీధిలో మగపిల్లల హాస్టల్ ముందు అర్ధరాత్రి దాటాక కూడా టీ కొట్టు సందడి. ఈ తేడాను ప్రశ్నిస్తూనే 2015లో ఢిల్లీ విద్యార్థినులు పింజ్రా తోడ్ అంటూ పంజరం బద్దలు కొట్టమన్నారు. మన అమీర్‌పేట గేట్ల గురించి మనం ఇంకా గట్టిగా మాట్లాడలేదు. తల్లిదండ్రులు అడుగుతున్నారు కాబట్టి తాళం వేస్తున్నామని హాస్టల్ యజమానులు అంటారు. తల్లిదండ్రుల భయం నిజమే. కానీ ఒక పిల్లను తాళం వెనక ఉంచితే రోడ్డు క్షేమం కాదు. ఐదు వందల మంది పిల్లలు రోడ్డు మీదికొస్తే అవుతుంది.

ఇక తీరిక మాట. ఇంటిపనే పెద్ద వ్యాయామం, వేరే నడక ఎందుకని మన ఇళ్ళలో అంటుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకుల లెక్కలు 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చాయి. పని, ప్రయాణం, ఆటపాటలు అన్నీ కలిపి చూసినా, 2022 నాటికి మన దేశంలో చాలినంత శారీరక శ్రమ లేని స్త్రీలు 57 శాతం, పురుషులు 42 శాతం. ఇంటిపని ఒంటిని అలసిపోయేలా చేస్తుంది గానీ గుండెకూ ఊపిరితిత్తులకూ కావలసిన బలాన్ని అందరికీ ఇవ్వడం లేదన్నమాట. మరి వేళ ఏది? 2024 కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవాళ్ళను మాత్రమే లెక్కలోకి తీసుకున్నా, స్త్రీ రోజుకు 289 నిమిషాలు ఆ పనిలో గడుపుతోంది, పురుషుడు 88 నిమిషాలు. వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో నడవమని వైద్యులు చెబుతున్నారు. ఆ 150 నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయో ఈ అంకెలే చెబుతున్నాయి. ఆదివారం పొద్దున గంటసేపు స్త్రీ బయటికి వెళితే ఆ గంట ఇంట్లో పాలు కాచేదెవరు, పిల్లల్ని లేపేదెవరు అన్న ప్రశ్న తప్పక పుడుతుంది. పుట్టనివ్వండి. మనకు కావలసింది అదే.

స్త్రీ శరీరం పరుగుకు పనికిరాదన్న మాట కూడా పాతదే. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్త్రీలు 800 మీటర్లు పరుగెత్తితే, వాళ్ళు సొమ్మసిల్లి పడిపోయారని గోల చేసి 1960 దాకా ఆ పోటీనే తీసేశారు. 1966లో బాబీ గిబ్ బోస్టన్ మారథాన్‌కు దరఖాస్తు చేస్తే ఆడవాళ్ళకు అంత శక్తి ఉండదని తిప్పి పంపారు. ఆమె పొదల చాటున దాగి ఉండి, గుంపులో కలిసి, చివరిదాకా పరుగెత్తింది. మరుసటి ఏడు కాథరీన్ స్విట్జర్ నంబరు కట్టుకుని పరుగెడుతుంటే నిర్వాహకుడొకడు మీదపడి ఆ నంబరు లాగేయబోయాడు. అక్కడ స్త్రీలకు అధికారికంగా చోటు దొరికింది 1972లో. ఒలింపిక్స్‌లో స్త్రీల మారథాన్ మొదలైంది 1984లో. మన దగ్గర వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్ల అని చిన్నప్పుడు ఊళ్ళో ఎగతాళి పడిన అమ్మాయి ఆమె. పతకం వచ్చాక అందరం చప్పట్లు కొట్టాం. పతకం రాని పిల్లలకు మాత్రం రోడ్డు చివర దాకా నడిచి రావడానికే అనుమతి కావాలి.

అందుకే పోటీ పరుగు కంటే వారం వారం కలిసే పరుగు మనకు ముఖ్యం. 2004 అక్టోబరులో లండన్ దగ్గరి బుషీ పార్కులో పదమూడు మందితో పార్క్‌రన్ అనే పద్ధతి మొదలైంది. ప్రతి శనివారం ఐదు కిలోమీటర్లు. రుసుము లేదు. పరుగెత్తవచ్చు, నడవవచ్చు, లేదా స్వచ్ఛందంగా పనిచేయవచ్చు. ఇప్పుడది ఎన్నో దేశాలకు పాకింది. అందులో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. అందరికంటే వెనక నడవడానికి ఒక కార్యకర్తను ప్రత్యేకంగా పెడతారు. కాబట్టి వచ్చినవాళ్ళలో ఎవరూ చివరివాళ్ళు కారు. చివరి మనిషి చేరేదాకా గురుతులు తీయరు, ఇంటికి పోరు. సంఘంలో పనిచేసే మనకు ఈ సూత్రం కొత్తగా నేర్పాలా?

మన నగరంలో ఇలాంటిది చేయాలంటే కొన్ని జాగ్రత్తలు కావాలి. ఒకటి, డబ్బూ బట్టలూ అడ్డు కాకూడదు. కంపెనీ పేరున్న టీషర్టు కొనుక్కుంటేనే పరుగు అనే భావం పోవాలి. చీరతో, సల్వార్‌తో, బురఖాతో, చెప్పులతో వచ్చినవాళ్ళు వచ్చినట్టే నడవాలి. రెండు, వేళ. పొద్దున ఆరు లోపల మెట్రో ఉండదు. ఐదున్నరకు మొదలయ్యే పరుగు బండి ఉన్నవాళ్ళకే. 2023 డిసెంబరు 9న మొదలైన ఉచిత బస్సు ప్రయాణం స్త్రీల కదలికను ఎంత పెంచిందో మనం చూశాం. ఆ బస్సు దిగి నడిచి రాగలిగే వేళకే పిలుపు ఇవ్వాలి. మూడు, స్వచ్ఛంద సేవ పేరుతో ఆడవాళ్ళను మళ్ళీ నీళ్ళ బల్ల దగ్గరా అరటిపళ్ళ బుట్ట దగ్గరా నిలబెట్టకూడదు. దారి నిర్ణయించడం, ఈల పట్టుకుని మలుపులో ట్రాఫిక్ ఆపడం, గడియారం చూడటం, పోలీసులతో మాట్లాడటం - ఇవీ ఆడవాళ్ళు చేయాలి. నీళ్ళ గ్లాసులు మగ మిత్రులు అందిస్తే మంచిది. పిల్లల్ని కాసేపు ఆడించేందుకు ఒకరిద్దరుంటే చంటిపిల్లల తల్లులూ రాగలుగుతారు.

తీరిక ఉన్నవాళ్ళ వ్యాయామం అన్న మొదటి ప్రశ్నకు ఇప్పుడు తిరిగి వద్దాం. తీరిక కొందరికే ఉండటమే అన్యాయం. ఆ అన్యాయాన్ని సరిదిద్దాలంటే తీరికను అందరికీ అడగాలి గానీ, ఉన్న కొద్దిమందినీ సిగ్గుపడమనడం కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమంలో ఆడవాళ్ళు మొదట చేసిన పని గుంపుగా బయటికి రావడమే. ఒక్కతిగా రాలేని స్త్రీ పదిమందితో వస్తుంది. పదిమందితో వారం వారం వచ్చిన స్త్రీకి ఆ దారి, ఆ మలుపు, ఆ టీ కొట్టు తెలిసినవి అవుతాయి. తర్వాత ఒక్కతీ రాగలుగుతుంది.

పైగా నడిచేవాళ్ళకే నగరం లోపాలు కనిపిస్తాయి. పంజగుట్ట కూడలి నుంచి నెక్లెస్ రోడ్డు దాకా ఒకసారి నడిచి చూడండి. ఫుట్‌పాత్ ఎక్కడ తెగిపోయిందో, ఎక్కడ బండ్లు ఎక్కించారో, ఏ దీపం వెలగదో, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఎంత దూరంలో ఉందో వారం వారం రాసిపెట్టుకుంటే మూడు నెలల్లో మంచి వినతిపత్రం తయారవుతుంది. అడ్డులేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో స్పష్టం చేసింది. దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే హక్కును 19వ అధికరణం ఏనాడో ఇచ్చింది. దేశం సంగతి తర్వాత, ముందు మైత్రీవనం నుంచి పంజగుట్ట దాకా సంచరించగలగాలి. తెల్లవారుజామున ఊడ్చే కార్మికురాలి మీదికి వేగంగా వచ్చే కారును ఆపడం కూడా ఇదే డిమాండులో చేర్చాలి. ఆమెకు మెరిసే కోటు ఇచ్చి ఊరుకుంటే చాలదు. ఆమె పని ముగించి వచ్చి మనతో నాలుగడుగులు వేయగలిగిన రోజునే ఇది అందరి పరుగు అవుతుంది.

అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతాల్లో పనిచేస్తున్న సంఘాల మిత్రులకు నా సూచన ఇది. పెద్ద సభ అవసరం లేదు, బ్యానరు అవసరం లేదు. మీకు తెలిసిన రెండు హాస్టళ్ళు, ఒక బస్తీ, ఒక కార్మికుల జట్టు - వీళ్ళతో మాట్లాడండి. హాస్టల్ యజమానులను కలిసి ఆదివారం గేటు ముందుగా తీయమని అడగండి, రాతపూర్వకంగా అడగండి. నెలకు ఒక ఆదివారంతో మొదలుపెట్టి వారానికి మారండి. పరుగెత్తగలిగినవాళ్ళు పరుగెత్తుతారు. తక్కినవాళ్ళం నడుస్తాం. మోకాళ్ళు సహకరించని పెద్దవాళ్ళు మలుపులో కుర్చీ వేసుకుని ఎవరెవరు వచ్చారో లెక్క రాస్తారు. అందరికంటే వెనక నడిచే పనికి మాత్రం ప్రతి వారం ఒకరి పేరు ముందే రాసుకోండి.