మూసీతీరాలంకరణము – మన పన్నులు

పన్నులు విధించుటకంటె, వచ్చిన ధనమును వ్యయపఱచుటకు క్రమ మేర్పఱచుట పాలకులకు కష్టతరమైన పని. ఏది ముందు, ఏది వెనుక యను వివేచన లేనిచో మంచికార్యము సైతము అన్యాయముగా పరిణమించును. హైదరాబాదు నగరమున మూసీతీరమును సుందరముగ దిద్ది, దేశవిదేశముల యాత్రికుల నాకర్షింప దలచిన పథకమునకు రాష్ట్రధనమును కేటాయించుటలో ఈ వివేచన లోపించినదని నా వాదము.

నగరము దాటిన మూసీ మా కేతేపల్లి మండలమందలి సోలిపేటకడ ఆనకట్టచే నిలుపబడి, కుడియెడమ కాలువల ద్వారమున పొలములకు పోవును; మిగిలినది వాడపల్లికడ కృష్ణలో కలియును. 1963లో పూర్తియైన ఈ మూసీప్రాజెక్టు క్రింద ఇంచుమించు 30,000 యెకరముల ఆయకట్టు కలదు. నగరమువారు శుద్ధిచేయక విడిచిన మురుగు ఈ నీటిలో కలిసియే మా మళ్లకు వచ్చుచున్నది. మోకాలిలోతు నీట నిలిచి నాట్లు వేయు స్త్రీలకు తీరసౌందర్యముతో నిమిత్తము లేదు. కాళ్లు దురదపెట్టకున్న చాలును.

ఇక పన్నుల మాట. రఘువంశమున కాళిదాసు దిలీపుడు పన్నులు గొనుటను, వేయిమడుగులుగ వర్షించుటకై సూర్యుడు నీటిని గ్రహించుటతో పోల్చెను. రాష్ట్రఖజానాకు చేరు ధనము నగరవాసులది మాత్రమే కాదు. కూలివాడు కొను అగ్గిపెట్టెపైన, సబ్బుబిళ్లపైన రాష్ట్రమునకు వాటా చేరును. రైతు ట్రాక్టరులో పోయించు డీజిలుపై పన్ను చేరును. 2024 జూలైలో ప్రవేశపెట్టిన బడ్జెటునందు మూసీతీరాభివృద్ధికి రూ. 1,500 కోట్లు చూపబడినవి. అందు మా పల్లెల పైకమును కలదు. అనగా మేము రెండుమాఱులు చెల్లించుచున్నాము: ఒకమాఱు పన్నురూపమున, ఒకమాఱు మురుగునీటి రూపమున. మాకు కురియు వర్షమేది?

ఈ పథకమును సమర్థించువారి మాటలను ఒక్కొక్కటిగ విచారింతము.

యాత్రికులు వత్తురు, ఉద్యోగములు కలుగును, ఆదాయము పెరుగును అందురు. కావచ్చును. అయిన ఆ లాభ మెవరికి? ఒడ్డునగల భూముల విలువ పెరిగినచో ప్రయోజనము ఆ భూముల యజమానులది, అచ్చట లేవబోవు హోటళ్లవారిది. లాభము పొందువారినుండియే ప్రత్యేకశిస్తు గైకొని తీరమును అలంకరించుకొనుట న్యాయము. మఱియు యాత్రాస్థలములు రాజధానియందే కలవా? పిల్లలమఱ్ఱిలో కాకతీయుల కాలమునాటి ఆలయములు, ఫణిగిరిలో బౌద్ధస్తూపావశేషములు మాకు సమీపముననే కలవు. పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటకసంస్థ ఉత్తమ పర్యాటకగ్రామములలో నొకటిగ ఎన్నుకొనెను. ఆ యూరికి పేరు తెచ్చినవి నేతగాండ్ర మగ్గములుగాని నదియొడ్డున పఱచిన పాలఱాళ్లు కావు.

నల్లగొండ ప్రజల బాధ తీర్చుటకే మూసీపునరుజ్జీవన మని రెండవ మాట. 2024 నవంబరు 8వ తేదీన ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డిగారు వలిగొండ మండలమందలి సంగెమునకు వచ్చి, మూసీవెంట నడిచి, మా దుఃఖమును గూర్చి ప్రసంగించిరి. సంతోషమే. అది నిజముగ మాకొఱకే యైనచో పని మా దిక్కునుండి మొదలు కావలెను గదా! 2019 అక్టోబరున మూసీప్రాజెక్టు గేటొకటి కొట్టుకొనిపోయి, నిలిచిన నీరు వ్యర్థముగ పోయిన సంగతి మా రైతులు మఱువలేదు. పాతకట్టడముల బాగుసేతకు, కాలువల పూడికతీతకు, మురుగు నరికట్టుటకు లేని త్వర నగరమున తీరవాసుల యిండ్లపై ఎఱ్ఱగుఱుతులు వేయుటలో కనబడినది.

ఇక దృష్టాంతములు. అహమ్మదాబాదున సాబర్మతీతీరమును చూడుడని చెప్పుదురు. అచ్చటి నగరభాగమున కనిపించు నిండునీరు నర్మదాకాలువనుండి తెచ్చినది. నగరము దాటిన పిమ్మట ఆ నది ఎట్లున్నదో గుజరాతు ఉన్నతన్యాయస్థానము 2021లో తనంతట తానే కాలుష్యమును గూర్చి విచారణ చేపట్టుటయే చెప్పుచున్నది. ఇచ్చటను గోదావరీజలములను జంటజలాశయములకు తెచ్చి మూసీలో విడువ సంకల్పించినారు. మురుగులో మంచినీరు కలిపినచో మురుగు పలుచనగును గాని శుద్ధి కాదు. సుంకము తప్పించుకొన గోరి రాత్రియంతయు అడ్డత్రోవల తిరిగి, తెల్లవాఱుసరికి సుంకపుచావడి యెదుటనే తేలిన వర్తకుని కథను శాస్త్రకారులు ఘట్టకుటీప్రభాతన్యాయ మందురు. మురుగుప్రశ్నను తప్పించుకొన జూచువారికిని అదియే గతి.

శుద్ధి అసాధ్యమా? కాదు. 2021లో 31 మురుగుశుద్ధికేంద్రములకు రూ. 3,866 కోట్ల పథకము ఆమోదింపబడెను. అవి యన్నియు పూర్తియైనచో దినమునకు దాదాపు 126 కోట్ల లీటర్ల మురుగు శుద్ధియగును. కొన్ని యిప్పటికే పనిచేయుచున్నవి. పని తెలిసినదే, వ్యయము లెక్కింపదగినదే. కొఱవడినది క్రమము.

ఆ క్రమమును పూర్వు లెఱుగకపోలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచిన పిమ్మట, 1909లో విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. తీరమున ఉద్యానవనముల యాలోచనయు ఆయనకు లేకపోలేదు. అయినను వరద నాపుటకు జలాశయములు, నగరమునకు మురుగుకాలువలు ఆయన సలహాలలో ముఖ్యములు. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. ప్రాణరక్షణ ముందు, అలంకారము తరువాత.

చదువరులారా! మన యిండ్లలో ఏ యిల్లాలైనను ఊడ్చి కల్లాపి చల్లిన పిమ్మటనే వాకిట ముగ్గు పెట్టును. పెరటి మురుగును పొరుగింటి ముంగిటికి త్రోసి తన వాకిట ముగ్గు దిద్దు ఇల్లాలిని ఊరు మెచ్చదు. ఇంటికి తగని నీతి రాజధానికి ఎట్లు తగును?

కావున నేను కోరునది ఇంతే. తీరాలంకరణమునకు రాష్ట్రధనమునుండి ఒక్క రూపాయి ఈయకముందు, సోలిపేట తూముకడ నీటిని నెలనెల పరీక్షింపవలెను. ఆ ఫలితములను గ్రామపంచాయతీ గోడపై తెలుగున వ్రాయవలెను. ఆ నీరు సేద్యమునకు, పశువుల త్రాగుడునకు పనికివచ్చునని తేలిన పిమ్మట నగరము తన తీరమును తన ధనముతో యథేచ్ఛగ అలంకరించుకొనవచ్చును. అంతవఱకు తమ శాసనసభ్యులకు ఈ మాట వ్రాయుట, ఓట్లడుగ వచ్చినవారిని ఈ ప్రశ్న అడుగుట మన పల్లెలలో అక్షరము నేర్చిన ప్రతివారి విధి.