సొమ్ము పట్టాకు, నష్టం కౌలుకు

1934 జూలైలో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో, పాయిన్‌సెట్ కౌంటీలోని టైరోంజా దగ్గర ఒక బడి గదిలో 18 మంది సమావేశమయ్యారు. 11 మంది తెల్లవాళ్లు, ఏడుగురు నల్లవాళ్లు. ఎక్కువ మంది పాలుకు సేద్యం చేసే పేదలు. జాతి వివక్ష చట్టమై నడుస్తున్న ఆ రోజుల్లో వాళ్లను ఒక్కచోట చేర్చింది రైతుల కోసం ప్రభుత్వం ఇచ్చిన డబ్బు.

పత్తి ధర కుప్పకూలితే రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1933లో చట్టం తెచ్చి, సాగు తగ్గించిన రైతుకు పరిహారం ఇస్తామంది. ఉద్దేశం మంచిదే. కానీ ఒప్పందం భూస్వామితో కుదిరింది, సొమ్మూ ఆయన చేతికే వెళ్లింది. పౌను పత్తికి నాలుగున్నర సెంట్లు వస్తే పాలుకు చేసేవాడికి దక్కింది అర సెంటు. సాగు తగ్గింది కనుక మనుషులూ అక్కర్లేదని ఎన్నో కుటుంబాలను ఖాళీ చేయించారు. ఫిర్యాదులు వినాల్సిన కౌంటీ కమిటీల్లోనూ భూస్వాములదే పెత్తనం. కౌలుదార్లను తొలగించకూడదని పట్టుబట్టిన వ్యవసాయ శాఖ న్యాయవాదులు 1935 ఫిబ్రవరిలో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఆ బడి గదిలో పుట్టినదే దక్షిణాది కౌలు రైతుల సంఘం.

నేడు అమెరికాలో పంట ధర పడినప్పుడు ప్రభుత్వం ఇచ్చే చెల్లింపులకు వేరే నిబంధన ఉంది. పొలాన్ని నగదు కౌలుకు ఇస్తే ఆ సొమ్ము కౌలు రైతుది. పంట పంచుకుంటే సొమ్మూ పంచుకోవాలి. నష్టం ఎవరిదైతే సాయం వారికే.

మన దగ్గర? తెలంగాణలో 2018లో రైతుబంధు సీజనుకు ఎకరానికి 4 వేల రూపాయలతో మొదలైంది. 2025 జనవరి నుంచి రైతు భరోసాగా ఎకరానికి ఏడాదికి 12 వేలు ఇస్తున్నారు. అదీ పట్టాదారుకే. కౌలు రైతులకూ ఇస్తామని 2023 ఎన్నికల్లో చెప్పిన మాట ఆ పథకం మొదలైనప్పుడు అమలు కాలేదు. కేంద్రం ఏటా ఇచ్చే 6 వేలూ భూమి ఉన్న రైతుకే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం సాగుదారుకు 11 నెలల కార్డు ఇస్తుంది, కానీ అందుకు యజమాని సంతకం కావాలి. ఆ సంతకం కోసం బతిమాలలేక కార్డు లేకుండానే పంట వేసే కౌలు రైతులు ఎందరో. కౌలు ముందే చెల్లించి, విత్తనానికీ ఎరువుకూ అప్పు తెచ్చి, వడగళ్లు పడితే మునిగిపోయేది వాళ్లే.

సంతకం పెడితే భూమి పోతుందని యజమాని భయపడతాడు. అది కొట్టిపారేయాల్సిన భయం కాదు. దానికి జవాబు 2011లో ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన సాగుదారుల చట్టంలోనే ఉంది. రుణ అర్హత కార్డు వల్ల భూమిపై ఏ హక్కూ రాదని ఆ చట్టం స్పష్టంగా చెప్పింది.

కాబట్టి చేయాల్సింది కష్టమేమీ కాదు. ఏటా ఖరీఫ్‌కు ముందు గ్రామసభలో ఎవరి పొలం ఎవరు చేస్తున్నారో నమోదు చేయాలి. ఊరికి తెలియని కౌలు ఉండదు. యజమాని సంతకం అడగడం మానాలి. పెట్టుబడి సాయం, పంట నష్ట పరిహారం, బీమా ఆ జాబితా ప్రకారమే చెల్లించాలి. అప్పుడు కౌలు పెంచేస్తారన్న వాదన ఉంది. కొందరు పెంచుతారు కూడా. అయినా పరిహారం, బీమా నష్టపోయినవాడికే చేరతాయి. పెట్టుబడి సాయమని పేరు పెట్టి పెట్టుబడి పెట్టనివారికి పంచడం ప్రజాధనానికి అన్యాయం, పంట పండించే మనిషికి అంతకంటే పెద్ద అన్యాయం. వచ్చే ఖరీఫ్‌లోపే ఇది సరిదిద్దాలి.