ఎంఆర్ఎన్ఏ టీకా గుట్టంతా కొవ్వులోనే.. పులుపు తగిలితే తీరు మార్చే లిపిడ్ ఎవరి చేతిలో ఉంది?

కరోనా టైమ్‌లో ఫైజర్, మోడెర్నా టీకాల పేర్లు వినని వాళ్లుండరు. రెండూ ఎంఆర్ఎన్ఏ టీకాలే. ఈ టెక్నాలజీ మళ్లీ వార్తల్లోకెక్కింది. 2025 ఆగస్టులో అమెరికా ఆరోగ్య శాఖ 22 ఎంఆర్ఎన్ఏ ప్రాజెక్టులకు నిధులు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. వాటి విలువ దాదాపు 50 కోట్ల డాలర్లు. అమెరికా వెనక్కి తగ్గితే ఆ చోటు మనం అందుకోగలమా? జవాబు చాలావరకు ఒక కొవ్వు పదార్థం మీద ఆధారపడి ఉంది. దాని పేరు లిపిడ్.

అసలు సమస్య ఏంటి?

ఎంఆర్ఎన్ఏ చాలా సున్నితమైన పదార్థం. ఉత్తదే ఇంజెక్షన్ చేస్తే ఒంట్లోని ఎంజైములు ముక్కలు ముక్కలు చేసేస్తాయి. పైగా కణం చుట్టూ ఉండే పొర కూడా కొవ్వుతో చేసిందే. ఆ గోడ దాటి ఆర్ఎన్ఏ తనంతట తాను లోపలికి పోలేదు. అందుకే దాన్ని కంటికి కనపడనంత చిన్న కొవ్వు ఉండలో పెట్టి పంపిస్తారు. అందులో నాలుగు రకాల పదార్థాలుంటాయి. ఉండకు గట్టిదనం ఇచ్చే ఫాస్ఫోలిపిడ్, కొలెస్ట్రాల్, ఉండలు ఒకదానికొకటి అంటుకోకుండా చూసే పెగ్ లిపిడ్. నాలుగోది అయనైజబుల్ లిపిడ్. అసలు పని దీనిదే.

పులుపే ట్రిగ్గర్

ఈ లిపిడ్ ప్రత్యేకత ఏంటంటే.. చుట్టూ ఉన్న ఆమ్లత్వాన్ని బట్టి తీరు మార్చేస్తుంది. మన రక్తం పీహెచ్ సుమారు 7.4. అక్కడ దీనికి దాదాపు ఎలాంటి విద్యుదావేశం ఉండదు, గమ్మున ఉంటుంది. కణం ఈ ఉండను మింగాక ఎండోసోమ్ అనే చిన్న సంచిలో బంధిస్తుంది. ఆ సంచి లోపల మెల్లగా పులుపెక్కుతుంది, పీహెచ్ 6 కంటే కిందికి దిగిపోతుంది. పీహెచ్ ఒక్క పాయింట్ తగ్గితే ఆమ్లత్వం 10 రెట్లు పెరిగినట్టు లెక్క.

పులుపు తగలగానే లిపిడ్‌కు ధనావేశం వస్తుంది. సంచి పొరలో రుణావేశం ఉన్న కొవ్వులుంటాయి. రెండూ అతుక్కుంటాయి. అలా జతకట్టిన కొవ్వులు చదునైన పొరలా నిలబడలేవు, గొట్టాల్లా మెలికలు తిరుగుతాయి. దాంతో సంచి గోడ చిరిగి ఆర్ఎన్ఏ బయటపడుతుంది. పాలలో నిమ్మరసం పిండితే విరిగిపోతాయి కదా.. కొంచెం అలాంటిదే. కాకపోతే అక్కడ విరిగేది పాలలోని ప్రొటీన్, ఇక్కడ తీరు మారేది కొవ్వు.

కొవ్వు తోకల పాత్ర కూడా చిన్నదేం కాదు. చల్లటి రోజున నెయ్యి గడ్డకడుతుంది, పొద్దుతిరుగుడు నూనె గడ్డకట్టదు. కారణం నూనెలోని లినోలిక్ యాసిడ్ తోకల్లో వంపులుండటమే. 2018లో అమెరికాలో అనుమతి పొందిన ఆన్‌ప్యాట్రో అనే ఆర్ఎన్ఏ మందులోని లిపిడ్‌కూ ఇలాంటి వంపు తోకలే పెట్టారు. ఆ వంపుల వల్లే పొరను చెదరగొట్టడం తేలికవుతుంది.

ఎందుకింత లెక్క?

ఎప్పుడూ ధనావేశంతో ఉండే పాత రకం లిపిడ్లు కణాలకు హాని చేసేవి. మరీ ఎక్కువ పులుపుకు గానీ స్పందించని లిపిడ్ అయితే ఆర్ఎన్ఏ సంచిలోనే చిక్కుకుపోతుంది. అందుకే లిపిడ్ ఆవేశం మారే పాయింట్‌ను సుమారు 6 నుంచి 7 మధ్యలో కుదర్చాలి. ఆన్‌ప్యాట్రో లిపిడ్‌కు అది దాదాపు 6.4. ఇంత చేసినా తప్పించుకునేది తక్కువే. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో ఈ తరహా ఉండల నుంచి కణంలోకి చేరిన ఆర్ఎన్ఏ 1 నుంచి 2 శాతమే. ఆ శాతం పెరిగితే డోసు తగ్గించొచ్చు, ఖర్చూ తగ్గుతుంది.

కోర్టుల్లో కొట్లాట కూడా దీనిపైనే

2022లో ఆర్బ్యుటస్, జెనెవాంట్ కంపెనీలు మోడెర్నాపై అమెరికాలో కేసు వేశాయి. అదే ఏడాది ఆల్నైలమ్ సంస్థ ఫైజర్, మోడెర్నా రెండింటిపైనా కోర్టుకెళ్లింది. ఈ కేసుల్లో పేచీ లిపిడ్ల పేటెంట్లదే. ఆర్ఎన్ఏ కోడ్ రాయడం ఇప్పుడు చాలా ల్యాబులకు వచ్చు. దాన్ని కణంలోకి చేర్చే కొవ్వు మాత్రం కొద్దిమంది చేతుల్లోనే ఉంది.

మన సంగతేంటి?

పుణెకు చెందిన జెన్నోవా తయారుచేసిన టీకాకు 2022లో అత్యవసర అనుమతి వచ్చింది. దాన్ని మామూలు ఫ్రిజ్‌లో, 2 నుంచి 8 డిగ్రీల దగ్గరే నిల్వ చేయొచ్చు. మొదట్లో ఫైజర్ టీకాకు మైనస్ 70 డిగ్రీలు కావాల్సి వచ్చింది. పీహెచ్‌సీల దాకా టీకా చేరాలంటే ఈ తేడా చాలా పెద్దది. హైదరాబాద్ సీసీఎంబీ కూడా 2022లోనే సొంత ఎంఆర్ఎన్ఏ టీకా టెక్నాలజీని ఎలుకలపై పరీక్షించినట్టు చెప్పింది. దక్షిణాఫ్రికా హబ్ నుంచి టెక్నాలజీ అందుకునేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది ఎంపిక చేసింది కూడా హైదరాబాద్ కంపెనీ బయోలాజికల్-ఈనే.

అంటే పునాది ఉంది. లిపిడ్ దగ్గర వేరేవాళ్ల పేటెంట్‌పై ఆధారపడితే మాత్రం రేపు ఇంకో మహమ్మారి వచ్చినప్పుడు ధర, సరఫరా రెండూ వాళ్లే నిర్ణయిస్తారు. ఈసారి 'దేశీయ ఎంఆర్ఎన్ఏ టీకా' అనే వార్త కనబడితే ఒక్క ప్రశ్న అడగండి.. ఇంతకీ అందులో కొవ్వు ఎవరిది?